పని రాని మనిషి కావలెను

ఆ వైండింగ్ షాపులో అరవై ముగ్గురు పనిచేసేవాళ్లు. రిజిస్టరులో మాత్రం నలభై తొమ్మిది మందే ఉండేవాళ్లు. యజమానికి లెక్కలు రాక వచ్చిన తేడా కాదిది, బాగా వచ్చు కాబట్టే వచ్చింది. పనివాళ్లు యాభైకి చేరితే ఆ షాపు పెద్ద ఫ్యాక్టరీ కిందికి వస్తుందనీ, అప్పుడు విశ్రాంతి గది కట్టాలనీ, పసిపిల్లలను చూడ్డానికి ఆయాను పెట్టాలనీ, ఎవరినైనా తీసెయ్యాలంటే ప్రభుత్వాన్ని అడగాలనీ ఎప్పుడో ఒక చట్టం వచ్చింది. పనివాళ్ల మేలు కోరి రాసిందే. ఆ మేలు తన షాపులో అడుగు పెట్టకుండా యజమాని నలభై తొమ్మిది దగ్గర గీత గీసి, పద్దెనిమిదేళ్లుగా ఆ గీత మీదే కాపురం చేస్తున్నాడు.

గీతకు ఇవతల మిగిలిపోయిన పద్నాలుగు మందిలో అందరికన్నా పాతది ఒక ఆడమనిషి. వరసలో యాభయ్యోది కాబట్టి షాపంతా ఆమెను యాభయ్యక్క అనేది. కన్నవాళ్లు పెట్టిన పేరు ఉండేది గానీ, పదకొండేళ్లుగా ఏ హాజరు పట్టీలోనూ ఎక్కని ఆ పేరుతో షాపులో ఎవరికీ పనిపడలేదు. ఎవరైనా అధికారి వస్తున్నాడని కబురు అందితే ఆ పద్నాలుగు మందీ వెనక గోదాములోకి వెళ్లి, ఖాళీ అట్టపెట్టెల మధ్య కూచునేవాళ్లు. బయట గడియ పెట్టేవాళ్లు. అధికారి టీ తాగి, కబుర్లు చెప్పి, వెళ్లేదాకా ఊపిరి బిగబట్టుకుని కూచోవడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే. దగ్గు వచ్చిన మనిషిని చూసి మిగతావాళ్లు పళ్లు కొరికేవాళ్లు.

పని సీలింగ్ ఫ్యాన్లకు కాయిళ్లు చుట్టడం. పొడవాటి రేకుల షెడ్డు, రెండు వరసల బల్లలు, బల్లకొక చేతి చక్రం. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి రెండు వేళ్ల మధ్య నుంచి వెంట్రుకంత రాగితీగను అచ్చు మీదికి వదలాలి. కాయిలుకు రెండు వందల అరవై చుట్లు. చుట్లు తగ్గితే ఫ్యాను వేడెక్కుతుంది. ఒక చుట్టు ఇంకోదాని మీదికెక్కితే తీగ పూత ఒరుసుకుపోయి ఏడాది తిరక్కుండా మాడిపోతుంది. చక్రాలకు ఉండే లెక్క ముళ్లు ఎప్పుడో విరిగిపోయాయి కాబట్టి లెక్క మనిషి బుర్రలోనే సాగాలి. అందుకని ఆ షెడ్డులో ఒక మర్యాద ఏర్పడింది. లెక్కలో ఉన్న మనిషి ఎవరు పిలిచినా పలకదు. కాలితో రెండుసార్లు నేల తడుతుంది. లెక్కలో ఉన్నాను, ఆగు అని దానర్థం. యజమాని పిలిచినా అంతే, ఆయనా ఆగుతాడు. కొత్తగా చేరినవాళ్లకు ఇది ఒంటబట్టడానికి ఏడాది పైనే పడుతుంది. వాళ్లు పిలవగానే ‘ఆఁ’ అని తలెత్తుతారు, లెక్క గాలికి పోతుంది.

యాభయ్యక్కకు ఆ తంటా లేదు. ఆమె చుట్టిన కాయిల్ని మేస్త్రీ పరీక్షకు పెట్టేవాడు కాదు, చేత్తో తూచి పక్కన పెట్టేవాడు. షాపులో సగం మందికి పని నేర్పింది ఆమే. నేర్చుకున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు, ఎవరో మానేసిన ఖాళీలో, రిజిస్టరులోకి కూడా వెళ్లారు. వాళ్లకు యజమాని వైపు నుంచి ఏదో ఒక చుట్టరికం ఉండేది. యాభయ్యక్కకు యజమానితో ఉన్న చుట్టరికమల్లా కాయిళ్లే.

రిజిస్టరు మీద ఆమెకు ఉన్న ఆశ గొప్పల కోసం కాదు. రిజిస్టరులో చేరిన మనిషికి మూడో నెలలో, వైద్యం ఉచితంగా చేయించే ఆస్పత్రి కార్డు వస్తుంది. ఆ కార్డు ఒకే కప్పు కింద ఉన్న వాళ్లందరికీ చెల్లుతుంది. ఆమె కప్పు కింద ముగ్గురు: తను, కూతురు, అత్త. ఆరేళ్ల కిందట భర్త పోయాక అత్తాకోడళ్లు ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ, ఒకరు లేకుండా ఒకరు తినకుండా బతుకుతున్నారు. పద్నాలుగు నెలల కిందట అత్త మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. వాళ్లుండేది మూడో అంతస్తులో ఒంటిగది. ఆ రోజు నలుగురు పట్టుకుని పైకి చేర్చిన మనిషి మళ్లీ కిందికి దిగలేదు. తుంటి కీలు మార్చాలన్నారు డాక్టర్లు. ఎంతవుతుందో కనుక్కుని వచ్చి కోడలు చెబితే అత్త, “అంత పోస్తే కొత్త అత్తే వస్తుంది కదే, పాతదానికి మరమ్మతు దేనికి?” అంది.

మాట అలా అందే గానీ, అత్త రాత్రుళ్లు పక్కకు తిరగాలంటే మనవరాలు లేచి పట్టుకోవాల్సి వచ్చేది. పగలంతా కిటికీ పక్క మంచం మీద కూచుని వీధిని ఏలేది. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, కూరగాయల బండివాడు ఎవరికి తూకంలో మొగ్గు చూపుతున్నాడో అంతా ఆమెకు తెలుసు. సాయంత్రం కోడలు గుమ్మంలో అడుగు పెట్టగానే మొదటి ప్రశ్న కార్డు గురించే. యాభయ్యక్క లేదు అని చెప్పడం మానేసి, చెప్పులు విడుస్తూ తల అడ్డంగా ఊపేది. ఆ తల ఊపడం పద్నాలుగు నెలలుగా సాగుతోంది.

కూతురికి పంతొమ్మిదేళ్లు. భూమి కొలిచే సర్వే కోర్సులో రెండో ఏడు. ఇంకొక్క ఏడాది ఉంది. ఆ పిల్లకు కంటి ముందు ఏది కనిపించినా కొలవాలనిపించేది. గది పొడవు వెడల్పులు, మెట్ల ఎత్తు, కిటికీలోంచి నానమ్మకు కనిపించే వీధి ఎన్ని గజాలో కూడా లెక్కగట్టి గోడ మీద పెన్సిలుతో రాసింది. తల్లి తిట్టలేదు. ఆ ఇంట్లో గట్టిగా నడుస్తున్నది ఆ పిల్ల చదువొక్కటే.

అలాంటి రోజుల్లో ప్రభుత్వానికి నిరుద్యోగం మీద కోపం వచ్చింది. కొత్త పథకం పెట్టారు. ఇంతవరకూ ఎక్కడా జీతానికి పనిచెయ్యని మనిషిని పనిలోకి తీసుకుంటే, రెండేళ్లపాటు ఆ జీతంలో సగం ప్రభుత్వమే ఇస్తుంది. ఆ రెండేళ్లూ పని నేర్చుకునే కాలం కాబట్టి ఆ కొత్తవాళ్లు యాభై లెక్కలోకి రారు. అయితే తీసుకున్న కొత్తవాళ్ల సంఖ్య మధ్యలో తగ్గకూడదు, తగ్గితే అందరి మీదా సాయం ఆగిపోతుంది. ఉద్యోగాలు వరదలా వస్తాయని మంత్రి టీవీలో చేతులు ఊపుతూ చెప్పాడు. పథకం రాసినవాళ్లు మంచివాళ్లే అయ్యుంటారు. వాళ్లెవరూ ఈ యజమాని లాంటి మనిషితో కూచుని టీ తాగి ఉండరు, అంతే.

వారం తిరక్కుండా యజమాని ఆ పద్నాలుగు మందినీ ఆఫీసు గదిలోకి పిలిచి స్వయంగా టీ ఇప్పించాడు. మిమ్మల్నందరినీ రిజిస్టరులోకి ఎక్కిస్తున్నానన్నాడు. ఒకామె అక్కడికక్కడే ఏడ్చేసింది. తర్వాత ఆయన కాగితాలు పంచాడు. ఇంతకుముందు నేను ఎక్కడా, ఏ రూపంలోనూ జీతానికి పనిచెయ్యలేదు, వైండింగ్ పనిలో నాకు ఏ అనుభవమూ లేదు అని ఆ కాగితం సారాంశం. కింద సంతకం. నేర్చుకునే వాళ్ల జీతం ఇప్పుడు చేతికి వస్తున్న దానికన్నా కొంచెం తక్కువే గానీ, కార్డు వస్తుంది కదా అన్నాడు మేస్త్రీ.

యాభయ్యక్క ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. పదకొండేళ్లు. పిల్ల రెండో తరగతి చదివేటప్పుడు చేరింది. భర్త పోయిన పన్నెండో రోజున మళ్లీ చక్రం ముందు కూచుంది. వేళ్ల మధ్య తీగ కోసి కోసి పడిన సన్నటి గాడి ఇప్పుడు చర్మంలో భాగమైపోయింది. అవేవీ జరగలేదని ఆమె చేతే రాయించుకుంటున్నారు. ఆమెకు ఒళ్లు మండింది. సంతకం మాత్రం పెట్టింది. అక్కడ కోపం ఎవరి మీద చూపించినా నష్టం అత్త తుంటికే.

ఆ రోజు సాయంత్రం ఇంట్లో తల అడ్డంగా ఊపలేదు. “మూడో నెలలో వస్తుందట అత్తయ్యా,” అంది. అత్త మనవరాలిని పిలిచి, కింద వీధి చివర కొత్తగా పెట్టిన దుకాణం ఎంత దూరమో కొలిచి చెప్పమంది. కాళ్లు వస్తే మొదట అక్కడికి వెళ్తుందట.

ఇక పథకం కింద చేరినవాళ్లకు పని నేర్పే మనిషి ఒకరు ఉండాలి, వాళ్ల పేరు కూడా రాయాలి. యాభయ్యక్కకు గురువుగా పొట్టి పేరు రాశారు. పొట్టి అంటే పక్క బల్ల పిల్ల, ఐదేళ్ల కిందట యాభయ్యక్క దగ్గరే పని నేర్చుకుంది. యజమాని కారు డ్రైవరుకు మేనకోడలు కాబట్టి రెండేళ్లకే రిజిస్టరులోకి ఎక్కింది. గురువుగా తన పేరు రాశారని తెలిసి పొట్టి మొహం చెల్లక మధ్యాహ్నం దాకా పక్కకు రాలేదు. చివరికి యాభయ్యక్కే పిలిచి, “ఏమ్మా గురువుగారూ, కాయిలుకు ఈ దారం ముడి ఎలా వెయ్యాలో చెప్పండి,” అంది. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో ఆఖరికి పొట్టి కళ్లు తడిశాయి.

తనిఖీ రెండో నెలలో ఉంటుందని తెలిసింది. ఇప్పుడు గోదాములో దాక్కోవడం కుదరదు, అందరూ బల్లల దగ్గర కనిపించాలి. కనిపించడమే కాదు, కొత్తవాళ్లలా కనిపించాలి. మేస్త్రీ వారం రోజులు రిహార్సలు పెట్టాడు. పని నేర్పించే మేస్త్రీలను లోకం చూసింది గానీ, పని మరపించడానికి నానా తంటాలు పడ్డ మేస్త్రీ ఈయనొక్కడే అయ్యుంటాడు. మెల్లగా తిప్పండి, పైకి లెక్కపెట్టండి, మధ్యలో తీగ తెంపండి, భయం భయంగా చూడండి అని బల్ల బల్లకూ తిరిగాడు. పదముగ్గురు ఎలాగో కుదురుకున్నారు. ఒకామె తీగ తెంపి ‘అయ్యో’ అనే తీరుకు షెడ్డంతా నవ్వింది. యాభయ్యక్కకే అది చేత కాలేదు. తీగ వంకరగా వదిలితే మరుసటి చుట్టులో వేలు దానంతటదే వెళ్లి సర్దేది. “నీ చేతికి బుద్ధి లేదక్కా,” అన్నాడు మేస్త్రీ. “పదకొండేళ్లు బుద్ధి నేర్పింది నువ్వే కదయ్యా,” అంది ఆమె.

తనిఖీకి వచ్చినామె చిన్న వయసు మనిషి. టీ వద్దంది. కుర్చీ వద్దంది. అక్కడే మేస్త్రీకి చెమట పట్టింది. టీ తాగని అధికారిని ఏం చెయ్యాలో ఆ షాపులో ఎవరికీ తెలియదు. ఆమె చేతిలో పద్నాలుగు కాగితాలు పట్టుకుని ఒక్కో బల్ల దగ్గరా నిలబడి, పని చూసి, రెండు ప్రశ్నలు అడిగి, ఏదో రాసుకుని ముందుకు సాగింది. తీగలు తెగాయి. అయ్యోలు వినిపించాయి. అన్నీ సవ్యంగా సాగుతున్నాయి.

యాభయ్యక్క మొదట మెల్లగానే తిప్పింది. కావాలని రెండు చుట్లు వంకరగా వేసింది. అధికారిణి నాలుగో బల్ల దగ్గరే చాలాసేపు ఆగిపోయింది. ఈలోగా కాయిలు సగానికి వచ్చింది. తీగ వేళ్లలోంచి వెళ్తుంటే యాభయ్యక్కకు బుర్రలో లెక్క తనంతట తాను పట్టుకుంది. నూట ముప్పై, నూట నలభై. ఒకసారి లెక్క పట్టుకుంటే ఇక షెడ్డు లేదు, తనిఖీ లేదు, అత్త తుంటి లేదు. రోజుకు ముప్పైసార్లు ఆమెకు దొరికే విశ్రాంతి అదొక్కటే.

“అమ్మా, మీరు ఎప్పుడు చేరారు?” అని పక్కనే నిలబడి అడిగింది అధికారిణి.

యాభయ్యక్క తలెత్తలేదు. కాలితో రెండుసార్లు నేల తట్టింది.

షెడ్డులో మిగతా చక్రాలన్నీ ఆగిపోయాయి. మేస్త్రీ తేలు కుట్టిన దొంగలా గుమ్మం దగ్గర బిగుసుకుపోయాడు. ఆ నిశ్శబ్దంలో ఒక్క చక్రమే, నూట ఎనభై, రెండు వందలు, గిర్రున తిరుగుతూ ఉంది. రెండు వందల అరవై దగ్గర ఆమె తీగ కత్తిరించి, కొస మెలిపెట్టి, కాయిలు తీసి బల్ల మీద పెట్టి, “ఇప్పుడు అడగండి మేడం,” అంది. అన్నాక, తను చేసిన పని ఆమెకు తెలిసింది.

అధికారిణి ఆ కాయిల్ని తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది. మొదటి రెండు వరసలు తప్ప మిగతాదంతా దువ్వినట్టు ఉంది. ఆమె యాభయ్యక్క పక్కన ముక్కాలి పీట లాక్కుని కూచుంది.

“ఇంతకుముందు ఎక్కడ చేశారు? నిజం చెప్పండి, మీకేం భయం లేదు.”

నిజం చెప్పాలని యాభయ్యక్కకు ఎంతగా అనిపించిందో ఆమెకే తెలుసు. పదకొండేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మనిషి ఇంకొకరు లేరు. తలెత్తితే ఎదురు బల్లల దగ్గర పదమూడు మొహాలు. నిజం చెబితే ఆ పదమూడు పేర్లూ ఈ సాయంత్రమే కొట్టేస్తారు. చెప్పకపోతే తన పదకొండేళ్లనూ తనే రెండోసారి పూడ్చిపెట్టినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

“ఎక్కడా చెయ్యలేదు మేడం,” అంది. “నలభై రోజులైంది. ఈ అమ్మాయి బాగా నేర్పింది.”

పొట్టి తల దించుకుంది. అధికారిణి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నమ్మిందో, నమ్మినట్టు ఉండాలనుకుందో చెప్పలేం. ఆమె మొహంలో మాత్రం దయ కనిపించింది. సంచీలోంచి ఇంకో రంగు కాగితం తీసి నింపడం మొదలుపెట్టింది. పని పూర్తిగా వచ్చిన మనిషిని రెండేళ్లు నేర్చుకునే జీతం మీద కూచోబెట్టడం అన్యాయమని, అలాంటివాళ్ల శిక్షణ ముగిసిందని ధ్రువీకరించే అధికారం తనకు ఉందని, ఇక నుంచి పూర్తి జీతం పూర్తిగా యజమానే ఇవ్వాలని వివరంగా చెప్పింది. సంతకం పెట్టి, ముద్ర కొట్టి, కాగితం యాభయ్యక్క చేతిలో పెట్టి, “మీ చెయ్యి మంచిదమ్మా,” అంది.

యాభయ్యక్క ఆ కాగితాన్ని సాయంత్రం దాకా ఒళ్లోనే పెట్టుకుంది. నైపుణ్యం గల కార్మికురాలు అని రాసి ఉంది దాని మీద, ఆమె అసలు పేరుతో సహా. ఆ రోజంతా ఆమె సంతోషంగానే ఉంది. అది దాచుకోవాల్సిన సంగతి కాదు. ఇంటికి వెళ్లి అత్తకు చదివి వినిపించింది కూడా.

మర్నాడు యజమాని పిలిచాడు. ఆయన కోప్పడలేదు. ప్రభుత్వం రాసినదాన్ని చదివి వినిపించాడు, అంతే. శిక్షణలో ఉన్నవాళ్లు యాభై లెక్కలోకి రారు. శిక్షణ ముగిసిన మనిషి లెక్కలోకి వస్తుంది. నలభై తొమ్మిదికి ఒకటి కలిపితే యాభై.

“నువ్వు రిజిస్టరులో ఉంటే నాకు ఫ్యాక్టరీ చట్టం వచ్చిపడుతుందమ్మా. నా చేతుల్లో ఏముంది?” అన్నాడు.

చేతుల్లో ఏమీ లేదని చెప్పే మనిషి చేతిలోనే అప్పుడు రిజిస్టరు ఉంది. ఎర్ర సిరాతో ఆమె పేరు మీద అడ్డగీత అప్పటికే పడింది. కార్డు రావడానికి ఇంకా ముప్పై ఆరు రోజులు ఉంది.

మొండితనం కొద్దీ ఆమె ఆ మధ్యాహ్నం పని వదిలేసి షాపుల వీధిలో తిరిగింది. పంపుసెట్ల వైండింగ్, మిక్సీ మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, నాలుగు చోట్ల అడిగింది. ఒకప్పుడు ఆ గేట్ల మీద ‘అనుభవం ఉన్నవారికే’ అని బోర్డులు ఉండేవి. ఇప్పుడు రంగు మార్చి ‘అనుభవం లేనివారు కావలెను’ అని రాశారు. ఒక చోట పెద్దమనిషి ఆమె చేతిలోని కాగితం చూసి ముచ్చటపడ్డాడు. ఇంత బాగా పని వచ్చిన మనిషి దొరకడం అదృష్టం అన్నాడు. తర్వాత కంప్యూటరులో ఆమె పేరు కొట్టి చూసి, శిక్షణ ముగిసినట్టు ఉందమ్మా, ఇక పథకం కింద నిన్ను ఎవరూ కొత్త మనిషిగా తీసుకోలేరు అన్నాడు. పని రాకపోతే ఉద్యోగం ఉంది, వస్తే లేదు. ఆ వీధిలో ఎండకు నిలబడి ఆమె నవ్వింది. ఏడుద్దామంటే నలుగురూ చూస్తున్నారు.

మర్నాడు పాత బల్ల దగ్గరే, పాత పద్ధతిలో చేతికిచ్చే కూలికి కూచుంది. మేస్త్రీ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె లెక్క పూర్తయ్యేదాకా ఆగి, అసలు విషయం చెప్పాడు. పద్నాలుగు కాస్తా పదమూడయింది. పదిహేను రోజుల్లో ఇంకో కొత్త మనిషిని చూపించకపోతే మిగతా పదమూడు మందికీ సాయం ఆగుతుంది, యజమాని వాళ్లనూ తీసేస్తాడు. బయటివాళ్లను తేవడం కన్నా నీ ఇంట్లో ఇంతవరకూ ఏ పనీ చెయ్యని మనిషి ఉంటే నీకే మేలు కదక్కా అన్నాడు. కార్డు కప్పుకే కదా, పేరు ఎవరిదైతేనేం.

యాభయ్యక్క ఆ మాట ఇంట్లో చెప్పదలుచుకోలేదు. మూడు రోజులు చెప్పలేదు. నాలుగో రోజు పొద్దున అత్త మంచం దిగబోయి, సగంలో ఆగిపోయి, అటూ ఇటూ కాలేక, పిలవడానికి సిగ్గుపడి, కోడలు స్నానం చేసి వచ్చేదాకా అలాగే మంచం కోడు పట్టుకుని వేలాడుతూ ఉంది. ఆ సాయంత్రం చెప్పింది. కూతురితో కాదు, అత్తతో. కూతురు గదిలోనే ఉందని ఆమెకు తెలుసు. ఒకే గది ఉన్న ఇంట్లో ఒకరికి చెప్పేది ముగ్గురికీ చెప్పినట్టే. ఆ సంగతి మరిచిపోయి చెప్పానని ఆమె తర్వాత ఎంత అనుకున్నా, ఆమె మనసే నమ్మలేదు.

“నా తుంటికి పిల్ల చదువు ముడిపెడతావే? సిగ్గుండాలి,” అంది అత్త. “నేనీ కిటికీ దగ్గర బ్రహ్మాండంగా ఉన్నాను.” అని గోడ వైపు మొహం తిప్పుకుంది. గోడ వైపు తిరగడానికి కూడా ఆమెకు మనవరాలి చెయ్యి కావాల్సి వచ్చింది.

నానమ్మను సర్ది పడుకోబెట్టి ఆ పిల్ల తల్లి ఎదురుగా వచ్చి కూచుంది. “రెండేళ్లేగా అమ్మా. కోర్సు ఎక్కడికీ పోదు. భూమి కూడా ఎక్కడికీ పోదు, తర్వాతైనా కొలవచ్చు,” అంది. నవ్వుతూనే అంది. తల్లి వద్దు అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది బయటికి వస్తే అత్త మంచం కోడు పట్టుకుని వేలాడే పొద్దులు ఇంకెన్ని ఉన్నాయో ఆమె లెక్క వేసుకుంది. వద్దు అనలేదు. తన మీద తనకు అంత అసహ్యం వేసిన రోజు ఆమె జీవితంలో ఇంకోటి లేదు.

ఇంతకుముందు నేను ఎక్కడా పనిచెయ్యలేదు అన్న కాగితం మీద కూతురు సంతకం పెట్టింది. ఆ షాపులో ఆ కాగితం మీద పడిన మొదటి నిజమైన సంతకం అదే. గురువుగా ఈసారి కూడా పొట్టి పేరే రాశారు, నేర్పేది మాత్రం తల్లి. రెండు బల్లలూ పక్కపక్కనే వేశారు.

కొలతలు తెలిసిన పిల్ల. తీగ ఎంత బిగువుగా వదలాలో రెండో రోజుకే పట్టుకుంది. మూడో రోజుకు పైకి లెక్కపెట్టడం మానేసింది. వారం తిరిగేసరికి ఒక కాయిలు చుట్టి బల్ల మీద పెట్టింది. వరసకు వరస అంటుకుని, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా ఉంది. పొట్టి దాన్ని చేతిలోకి తీసుకుని, “అక్కా, అచ్చం నీ చెయ్యే,” అంది. మేస్త్రీ కూడా దూరం నుంచి చూసి అక్కడే నిలబడిపోయాడు. ఆయన మొహంలో మెప్పు లేదు.

యాభయ్యక్కకు గుండె నిండా గర్వం పొంగింది. ఒక్క క్షణమే. తర్వాత ఆమె కూతురి చెవి దగ్గరికి వంగింది.

“అంత బాగా చుట్టకు తల్లీ.”

పిల్లకు అర్థం కాలేదు. “తప్పేమైనా ఉందా?” అని అడిగింది.

“తప్పు లేదు. అదే. వచ్చే నెల ఆ మేడం మళ్లీ వస్తుంది. నీకు పని వచ్చిందని రాస్తే కార్డు పోతుంది.”

కూతురు చక్రం మీంచి చెయ్యి తీసేసింది. కాయిల్ని చూసింది, తల్లిని చూసింది. “ఎన్నాళ్లిలా రానట్టు ఉండాలి?”

“రెండేళ్లు.”

“రెండేళ్లయ్యాక నాకూ పని వచ్చినట్టే కదా అమ్మా. అప్పుడు నేనూ యాభయ్యోదాన్నే కదా?”

చుట్టూ చక్రాలు తిరుగుతున్నాయి. యాభయ్యక్క, కూతురు చుట్టిన ఆ మొదటి మంచి కాయిల్ని దగ్గరికి లాక్కుని, కట్టు విప్పి, పై నాలుగు వరసలూ తన వేళ్లతోనే వంకర చేసి, మళ్లీ పిల్ల ముందు పెట్టింది.